ఉక్కు నగరంలో చెట్టు నీడ - జంషెడ్‌పూర్ నేర్పే లెక్క



మీ ఊరి బస్టాండు దగ్గరో, మీ కళాశాల గేటు ముందో ఉన్న ఒక పెద్ద చెట్టును ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ చెట్టు ఖరీదు ఎంత అని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? కలప అడితి యజమానిని అడిగితే మాను చుట్టుకొలత, పొడవు చూసి ఒక ధర చెబుతాడు. రోడ్డు వెడల్పు చేసే కాంట్రాక్టరును అడిగితే దాన్ని తీసివేయడానికి ఎంత ఖర్చవుతుందో చెబుతాడు. అదే చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే మనిషిని అడిగితే, అది లేకపోతే ఎండాకాలంలో తన పని మధ్యాహ్నం పన్నెండింటికే ఆగిపోతుందంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి లెక్క సరైనది?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఈ పాఠంలో మనం ఝార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ చరిత్రను పరిశీలిద్దాం. జంషెడ్‌పూరే ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆ నగరాన్ని ఎక్కడ కట్టాలో తేలకముందే అక్కడి రోడ్ల పక్కన చెట్లు ఎలా నాటాలో ఒక మనిషి ఆలోచించాడు. రెండవది, అది ఉక్కు నగరం. వేడి, ధూళి, పొగ ఉన్నచోట చెట్టు ఏం చేయగలదో, ఏం చేయలేదో బాగా తెలుస్తుంది.

ఒక ఉత్తరంతో మొదలు

1902వ సంవత్సరం. జంషెడ్జీ టాటా అప్పటికే దేశంలో పేరుపొందిన పారిశ్రామికవేత్త. 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లును నెలకొల్పిన వ్యక్తి. భారతదేశంలో భారీ ఉక్కు కర్మాగారం కట్టాలన్నది ఆయన కల. ఆ కర్మాగారం ఎక్కడ వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇనుప ఖనిజం కోసం వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది. అయినా ఆయన తన కుమారుడు దొరాబ్జీకి రాసిన ఒక ఉత్తరంలో, కార్మికులు నివసించబోయే పట్టణం ఎలా ఉండాలో వివరించారు. వీధులు విశాలంగా ఉండాలనీ, వాటి పక్కన నీడనిచ్చే చెట్లు నాటించాలనీ, వాటిలో ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరిగే జాతి చెట్టు కావాలనీ సూచించారు. పచ్చిక బయళ్లకు, తోటలకు, ఫుట్‌బాల్, హాకీ ఆటలకు, పార్కులకు ధారాళంగా స్థలం కేటాయించాలని, హిందూ దేవాలయాలకు, మసీదులకు, చర్చీలకు చోటు ఉంచాలని కూడా చెప్పారు.

ఇందులో 'ఒకటి విడిచి ఒకటి' అన్న మాటను మీరు ప్రత్యేకంగా గమనించాలి. చింత, మామిడి వంటి చెట్లు నిదానంగా ఎదిగి చాలాకాలం బతుకుతాయి. వాటి కింద నీడ పరుచుకునేసరికి నాటినవాడు ముసలివాడవుతాడు. తురాయి, నిద్రగన్నేరు వంటివి కొద్ది సంవత్సరాలలోనే గొడుగులా విచ్చుకుంటాయి. కానీ ఇలా త్వరగా పెరిగే వాటిలో చాలా జాతుల కొమ్మలు పెళుసుగా ఉండి గాలివానకు విరుగుతాయి. రెండింటినీ కలిపి నాటితే, మొదటి తరానికి త్వరగా పెరిగే చెట్టు నీడ అందుతుంది. అది ముదిరి పడిపోయే నాటికి పక్కనున్న నిదానపు చెట్టు ఆ పనిని అందుకుంటుంది. వ్యాపారి భాషలో చెప్పాలంటే స్వల్పకాలిక రాబడినీ, దీర్ఘకాలిక పెట్టుబడినీ జోడించడమన్నమాట.

ఇదే కాలంలో ఇంగ్లాండులో ఎబినేజర్ హోవార్డ్ ఉద్యాన నగరాల ఆలోచనను ప్రచారం చేస్తున్నారు. 1898లో మొదట వచ్చిన ఆయన పుస్తకం 1902లో కొత్త పేరుతో మళ్లీ అచ్చయింది. 1903లో లెచ్‌వర్త్ అనే మొదటి ఉద్యాన నగరానికి పునాది పడింది. బొగ్గు పొగలో కార్మికులు కిక్కిరిసి బతికిన యూరప్ పారిశ్రామిక నగరాల అనుభవమే ఈ ఆలోచనలకు మూలం. 1904లో జంషెడ్జీ జర్మనీలో కన్నుమూశారు. తాను కోరిన చెట్లలో ఒక్క మొక్కను కూడా ఆయన చూడలేదు.

సాక్చీ జంషెడ్‌పూర్ అయిన కథ

1904లోనే భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని టాటాలకు ఉత్తరం రాశారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోటికి దగ్గరగా ఉన్న సాక్చీ అనే పల్లెను కర్మాగారానికి ఎంపిక చేశారు. నీరు దగ్గర, కాళీమాటి రైల్వే స్టేషను దగ్గర. 1908లో నిర్మాణం మొదలైంది. 1911 డిసెంబరులో మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు తయారయ్యాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ ఉక్కు చేసిన సహాయానికి గుర్తుగా 1919 జనవరి 2న వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది.

ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. సాక్చీ ఖాళీ స్థలం కాదు. సంతాలీలు, హోలు, భూమిజులు నివసించే ప్రాంతమది. చుట్టూ సాల వృక్షాల అడవులు. మన ఉత్తరాంధ్ర మన్యంలో కూడా కనిపించే చెట్టే ఇది. సంతాలీ గ్రామాలకు జాహేర్ అనే పవిత్ర వనం ఉంటుంది. వసంతంలో సాల పూలు పూసినప్పుడు బాహా పండుగ చేసుకుంటారు. ఇప్ప చెట్టు వారికి తిండి, నూనె ఇస్తుంది. అంటే ఆ నేలమీద చెట్టుకు విలువ కట్టడం ఉక్కు కంపెనీతో మొదలు కాలేదు. ఒక పద్ధతిలో విలువ కట్టే అడవి తగ్గి, మరొక పద్ధతిలో విలువ కట్టే వీధి చెట్లు వచ్చాయి. రోడ్డు పక్కన చెట్లు నాటినందుకు మెచ్చుకుంటూనే, అంతకు ముందు అక్కడ నిలిచిన చెట్లను కూడా చరిత్ర విద్యార్థి లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగువారికి కూడా ఈ నగరంతో పాత బంధుత్వం ఉంది. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వాల్తేరును ఖరగ్‌పూర్‌తో, ఖరగ్‌పూర్‌ను టాటానగర్‌తో కలిపింది. ఆ దారిన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ వారి జీవితానికి ఆనవాళ్లు. మీలో కొందరి తాతలో, మేనమామలో ఆ చెట్ల కింద నుంచే సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్లి ఉంటారు.

పటం గీసినవారు

ఆశ ఒకటి, ఆచరణ ఒకటి. 1911 జనాభా లెక్కలలో అక్కడ సుమారు 5,700 మంది ఉంటే, 1921 నాటికి 57,000 దాటారు. పదేళ్లలో పది రెట్లు! అమెరికాకు చెందిన జూలియన్ కెన్నెడీ సంస్థ వేసిన మొదటి పటం ఈ జనానికి చాలలేదు. తరువాత ఎఫ్.సి. టెంపుల్ అనే ఇంజనీరు నేల వాలును గమనించి, వాన నీరు సహజంగా పారే దారులను విడిచిపెట్టి, వీధులను వాటికి అనుగుణంగా అమర్చే పద్ధతిని తెచ్చారు. 1930లలో మేజర్ స్టోక్స్ మరొక ప్రణాళిక రూపొందించారు. 1944-45లో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ నాల్గవ ప్రణాళిక తయారు చేశారు. హిట్లర్ పాలన కారణంగా జర్మనీ విడిచి వచ్చి, మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేసిన వ్యక్తి ఆయన. ఉష్ణదేశాలలో ఎండను, గాలిని దృష్టిలో పెట్టుకుని ఇళ్లు కట్టడంపై తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధి పొందారు. పాఠశాల, అంగడి, ఆటస్థలం నడక దూరంలో ఉండే నివాస విభాగాలుగా పట్టణాన్ని విభజించి, మధ్యలో పచ్చని ఖాళీ స్థలాలను ఉంచాలన్నది ఆయన ఆలోచన.

1958లో కంపెనీ స్వర్ణోత్సవాల సందర్భంగా 200 ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జూబిలీ పార్కు తయారైంది. మైసూరు బృందావన్ ఉద్యానవనం దీనికి స్ఫూర్తి. ఆ సంవత్సరం మార్చి 1న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీన్ని ప్రారంభించారు. నగరానికి పక్కనే దల్మా కొండలున్నాయి. ఏనుగులకు పేరుపొందిన ఆ అడవిని 1976లో అభయారణ్యంగా ప్రారంభించారు.

అయితే నగరమంతా ఒకేలా లేదు. ప్రణాళిక ముందు వచ్చి ఇళ్లు తరువాత వచ్చిన చోట చెట్టుకు స్థలం దొరికింది. ఇళ్లు ముందు వచ్చి ప్రణాళిక వెనుకబడిన చోట దొరకలేదు. కంపెనీ లీజు ప్రాంతం వెలుపల ఉన్న జుగ్‌సలాయి వంటి పాత బజారు పేటలకు, నదికి అవతల పెరిగిన మాంగో వంటి చోట్లకు, కంపెనీ క్వార్టర్ల వీధులకు మధ్య ఈ తేడా కనిపిస్తుంది. నగరానికి సగటున ఎన్ని చెట్లున్నాయి అన్న లెక్క ఈ తేడాను చూపదు. ఏ వీధిలో ఉన్నాయి అన్న ప్రశ్న కూడా వేయాలి.

చెట్టు చేసే పని ఎంత?

ఇప్పుడు శాస్త్రం సహాయంతో చిన్న లెక్క వేద్దాం. చెట్టు వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా వదులుతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారని మీరు చదువుకున్నారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి కావాలి. ఆ వేడిని చెట్టు చుట్టూ ఉన్న గాలి నుంచి, ఎండ నుంచి తీసుకుంటుంది. నీరు బాగా అందే ఒక పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుందాం. అంటే 68 యూనిట్ల వేడి ఖర్చయిందన్నమాట. ఒక టన్ను ఎయిర్ కండిషనరు గంటకు సుమారు 3.5 యూనిట్ల వేడిని గదిలోంచి తీసివేస్తుంది. 68ని 3.5తో భాగించండి. ఆ యంత్రం 19 గంటలకు పైగా పనిచేసినంత! పైగా యంత్రం గదిలోని వేడిని వీధిలోకి నెడుతుంది. చెట్టు అలా చేయదు.

వేళ్లకు తడి లేకపోతే ఈ పని తగ్గిపోతుంది. అప్పుడు కూడా నీడ మిగులుతుంది. తారురోడ్డు, సిమెంటు గోడ పగలంతా ఎండను మింగి రాత్రంతా వేడిని కక్కుతాయి. నీడ పడితే అవి వేడెక్కడమే తగ్గుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్‌లో, కొలిమి దగ్గర షిఫ్టు ముగించి ఇంటికి నడిచే కార్మికునికి ఇది అలంకారం కాదు, ఆరోగ్యం.

ఆకులు గాలిలోని ధూళిని పట్టి ఉంచుతాయి. గరుకు ఆకులు, నూగు ఉన్న ఆకులు మరింత బాగా పట్టుకుంటాయి. వాన పడినప్పుడు ఆ ధూళి కడుక్కుపోతుంది. చెట్టు తల మొదటి చినుకులను ఆపి, నేలమీద నీటి వేగాన్ని తగ్గిస్తుంది. వేళ్లు మట్టిని గుల్లపరచి నీటిని లోపలికి దించుతాయి. అందువల్ల మురుగు కాలువలపై భారం తగ్గుతుంది. అయితే ఇరుకు వీధిలో కొమ్మలు పైకప్పులా కమ్ముకుంటే వాహనాల పొగ కిందనే నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. ఏ చెట్టు ఎక్కడ అన్న ఆలోచన అవసరమని దీనివల్ల తెలుస్తోంది కదా!

చెట్టు చేయలేని పని

చెట్లు నాటితే ఫ్యాక్టరీ కాలుష్యం చెల్లిపోతుందని మీరు వినే ఉంటారు. ఇది నిజమేనా? పరీక్షిద్దాం. ఎండిన చెట్టు బరువులో దాదాపు సగం కర్బనం. తడి తీసేస్తే 1,000 కిలోల బరువుండే చెట్టులో 500 కిలోల కర్బనం ఉంటుంది. దాన్ని 44/12తో గుణిస్తే, ఆ చెట్టు తన జీవితకాలంలో గాలి నుంచి తీసుకుని దాచిన కార్బన్ డయాక్సైడు తెలుస్తుంది. అది సుమారు 1,830 కిలోలు. బ్లాస్ట్ ఫర్నేసు పద్ధతిలో ఒక టన్ను ఉక్కు తయారైతే సుమారు రెండు టన్నులు, లేదా అంతకంటె ఎక్కువ కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అంటే ఒక చెట్టు జీవితమంతా కష్టపడి దాచింది ఒక టన్ను ఉక్కుకు కూడా చాలదు. జంషెడ్‌పూర్ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి కోటి టన్నుల స్థాయిలో ఉంది. ఏటా కోటి చెట్లు నాటి, అన్నింటినీ పెద్దవి చేయడం ఏ నగరానికి సాధ్యం?

కాబట్టి పొగ సమస్యకు సమాధానం కర్మాగారం లోపల, తయారీ పద్ధతి మార్చడంలోనే వెతకాలి. ఈ మాట చెట్టు విలువను తగ్గించదు. చెట్టు చేయని పనిని దాని ఖాతాలో రాస్తే, అది నిజంగా చేసే పనిని మనం చూడలేం. వీధి చెట్టు విలువ ఆ వీధిలోనే ఉంది.

రూపాయల్లో చెప్పాలంటే

చెట్టుకు రూపాయల్లో విలువ కట్టే ప్రయత్నాలు మన దేశంలో చాలాకాలంగా ఉన్నాయి. 1979లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టి.ఎం. దాస్, 50 సంవత్సరాలు బతికే ఒక చెట్టు చేసే సేవల విలువ 15.7 లక్షల రూపాయలని అంచనా వేశారు. అందులో గాలి కాలుష్య నివారణకు 5 లక్షలు, నీటి చక్రానికి, తేమకు 3 లక్షలు, ప్రాణవాయువుకు 2.5 లక్షలు ఉన్నాయి. కలప, పండ్ల ధర ఇందులో లేదు. ఈ లెక్క పాఠ్యపుస్తకాలలోకి ఎక్కి, చెట్టంటే కలప మాత్రమే కాదని ఒక తరానికి నేర్పింది.

2021లో సుప్రీంకోర్టు ముందుకు మరో లెక్క వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం కొట్టవలసిన 300కు పైగా చెట్ల వ్యవహారంలో కోర్టు నియమించిన నిపుణుల సంఘం, చెట్టు వయస్సును 74,500 రూపాయలతో గుణించి విలువ కట్టవచ్చని సూచించింది. అందులో ప్రాణవాయువు వాటాయే 45,000. అయినా 2023లో వంతెనల అవసరాన్ని గుర్తించి కోర్టు ఆ చెట్ల తొలగింపుకు అనుమతించింది. రూపాయల్లో చెప్పినంత మాత్రాన వివాదం తీరిపోదని గ్రహించండి. పైగా గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంది. వీధిలో ఒక చెట్టు పోతే ప్రాణవాయువు తరగదు. వేడి పెరుగుతుంది, ధూళి పెరుగుతుంది, నీడ పోతుంది.

న్యూయార్క్ నగరంలో 2007లో వెలువడిన అధ్యయనం మరో దారి పట్టింది. సుమారు 6 లక్షల వీధి చెట్లను లెక్కించి, వాటిపై పెట్టే ప్రతి డాలరుకు 5.60 డాలర్ల ప్రయోజనం వస్తోందని తేల్చింది. విద్యుత్తు ఆదా, వాన నీటి నియంత్రణ, గాలి శుభ్రత వంటివి ఇందులో ఉన్నాయి. అయితే చెట్ల వల్ల పెరిగిన ఇళ్ల ధరలు ఇందులో ఒక పెద్ద భాగం. ఇల్లు ఉన్నవారికి వచ్చిన లాభం లెక్కకు వచ్చింది గాని, చెట్టు కింద చెప్పులు కుట్టే మనిషి ఆదాయం ఏ పట్టికలోనూ లేదు. మన మొదటి ప్రశ్నలోని మూడవ మనిషి ఇంకా లెక్క బయటే ఉన్నాడు!

కాపాడేదెవరు?

చెట్టు ఆస్తి అయితే దానికి నిర్వహణ ఖర్చు కూడా ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో నీరు, రోడ్లు, మురుగు కాలువలతో పాటు పార్కుల పని కూడా మొదట కంపెనీ పట్టణ విభాగం, 2004 నుంచి జుస్కో అనే సంస్థ చూసుకున్నాయి. ఆ సంస్థ పేరు తరువాత మారింది. అది పనిచేసే ప్రాంతంలో చెట్టు కూడా కుళాయి, వీధిదీపాల వంటి పౌరసేవగానే మిగిలింది. చాలా పట్టణాలలో మొక్క నాటే రోజున ఫోటో ఉంటుంది, మూడవ వేసవిలో నీరు ఉండదు.

మన తెలుగునాట ఉక్కు నగరమైన విశాఖపట్నం అనుభవం చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్కరోజులో నగరంలోని చెట్లను పెద్దసంఖ్యలో కూల్చివేసింది. పచ్చని కొండలు బోడిగా మారాయి. ఆ తరువాత మళ్లీ పెద్దఎత్తున మొక్కలు నాటారు. కానీ మొక్క, మాను ఒకటి కావు. పదిహేను మీటర్ల వెడల్పున కొమ్మలు చాచిన చెట్టు సుమారు 177 చదరపు మీటర్ల నీడనిస్తుంది. ఒకటిన్నర మీటరు తల ఉన్న మొక్క 1.77 చదరపు మీటర్లే ఇస్తుంది. ఒక్క పెద్ద చెట్టు నీడకు ఈరోజు నూరు మొక్కలు కావాలి. ఒక చెట్టు కొట్టి అయిదు మొక్కలు నాటామనే మాట వినిపించినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

చట్టం కూడా కొంత అండగా ఉంది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం చెట్టు కొట్టడానికి ముందు అనుమతి తీసుకోవాలంటుంది. 'వాల్టా' అని అందరూ పిలిచే చట్టం ఇదే. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్, ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని ఆదేశించింది. వేళ్లకు నీరు, గాలి అందకపోతే మనం పైన వేసిన లెక్కలేవీ నిలవవు.

మీరు చేయవలసిన పని

ఈ పాఠం పూర్తయ్యాక నలుగురైదుగురు మిత్రులు కలిసి మీ వీధిలోని చెట్లను లెక్కించండి. ప్రతి చెట్టు పేరు, మాను చుట్టుకొలత, నీడ వెడల్పు, మొదలు చుట్టూ మట్టి ఉందా సిమెంటు ఉందా రాయండి. మధ్యాహ్నం రెండు గంటలకు నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి థర్మామీటరుతో చూడండి. దాని గుండు మీద నేరుగా ఎండ పడకుండా కాగితంతో కప్పండి. ఆ నీడలో ఎవరెవరు ఏ పని చేసుకుంటున్నారో, చెట్టు లేకపోతే ఎన్ని గంటల పని పోతుందో వారినే అడగండి. ఆ పట్టికను మీ మున్సిపాలిటీకి ఇవ్వండి. చెట్టు కొట్టే ప్రతిపాదన వచ్చినరోజున మీ దగ్గర అంకెలుంటాయి.

మొదట వేసుకున్న ప్రశ్నకు తిరిగి వద్దాం. కలప వ్యాపారి లెక్క తప్పు కాదు, కాని అది చెట్టు చచ్చిన తరువాతి లెక్క. కాంట్రాక్టరు లెక్కలో రోడ్డు ఉంది, రోడ్డు మీద నడిచేవాడు లేడు. చెప్పులు కుట్టే మనిషి చెప్పిందే బతికున్న చెట్టు లెక్క. జంషెడ్‌పూర్ పటాల మీద, రోడ్డు వెడల్పు నిర్ణయించే రోజునే, ఆ లెక్కకు కొంత చోటు దొరికింది. ఉత్తరం రాసినవాడు ఆ నీడలో నిలబడలేదు. వేలమంది కార్మికులు, వారి పిల్లలు నిలబడ్డారు. మీ పట్టణంలో రేపు వేయబోయే కొత్త రోడ్డు పటం మీద ఆ చోటు ఉందో లేదో వెళ్లి చూడండి.